రెండో అడ్డుకీ మూడో అడ్డుకీ నడుమ మా సిరొంచ

మాది సిరొంచ. గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర. హైదరాబాదులో ఎవరికైనా ఈ మాట చెప్తే "అక్కడికెప్పుడు వెళ్లి స్థిరపడ్డారు?" అని అడుగుతారు. తాతముత్తాతల నాటి నుంచీ అక్కడే ఉన్నామంటే ఒక పట్టాన నమ్మరు. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, సంతలో రెండూ, ఊరు దాటి అడవిలోకి పోతే మాడియా, గోండి. అంకీసా, అసరెల్లి, పెంటిపాక, రంగయ్యపల్లి, మద్దికుంట, వెంకటాపూర్... మా తాలూకా ఊళ్ల పేర్లు వరసగా చదివితే ఇది మహారాష్ట్ర అని ఎవరూ అనుకోరు.

చిన్నప్పుడు నాకూ ఇది అర్థమయ్యేది కాదు. ఏటికి అవతల కాళేశ్వరంలో మా మేనత్త ఇల్లు. ఆమె పిల్లలు తెలుగు వాచకం చదివేవాళ్లు, నేను మరాఠీ వాచకం చదివేవాణ్ణి. వాళ్లకు దసరా సెలవులు ఎక్కువ, మాకు దీపావళి సెలవులు ఎక్కువ. ఈ దసరా సెలవుల అన్యాయం మీద నేను చాలా కాలం కోపంగా ఉన్నాను. "మనం ఇటెందుకు పడ్డం బాపూ?" అని అడిగితే "సర్కారోళ్లు చేసిన్రు" అని మా బాపు ఊరుకునేవాడు. మా పెద్దబాపు మాత్రం ఇంకో జవాబు చెప్పేవాడు.

"పడవల కోసం చేసిన్రు బిడ్డా. ఆ పడవలు నిలువలే. మనం మిగిలినం."

పెద్దబాపు అటవీశాఖ కలప డిపోలో గుమాస్తా. ఆలాపల్లి అడవుల్లోంచి వచ్చే టేకు దుంగల మీద సుత్తి గుర్తు వేయించడం, పొడుగూ చుట్టుకొలతా రిజిస్టర్లో రాయడం ఆయన పని. ఆయన కాలానికి కలప అంతా లారీల మీదే పోయేది. కానీ వాళ్ల నాయన, అంటే మా తాత, టేకు తెప్పల మీద పోయినవాడట. పచ్చి టేకు నీళ్లలో తేలదు, మునుగుతుంది. అందుకని దుంగల మధ్య వెదురు మోపులు ఇరికించి, అడవితీగలతో బిగించి తెప్ప కట్టేవాళ్లు. ఏరు నిండుగా ఉండే రోజుల్లో వదిలితే అది ప్రాణహిత దాటి, గోదావరి పట్టుకుని, పాపికొండల నడుమ నుంచి రాజమండ్రి కలప రేవుకు చేరేది. తెప్ప మీదనే పొయ్యి, తెప్ప మీదనే పడక. రాజమండ్రిలో తెప్ప విప్పి దుంగలు అప్పజెప్పాక తెప్పగాళ్లు నడిచి వెనక్కి రావాలి. దిగడం ఏటి పని, ఎక్కడం కాళ్ల పని అనేవాడు పెద్దబాపు.

నాకు ఈ తెప్పల కథ కన్నా రేవే ఎక్కువ తెలుసు. వంతెన లేని రోజులవి. కాళేశ్వరం పోవాలంటే నావే దిక్కు. వానాకాలంలో నావను రేవు నుంచి నేరుగా వదలరు. గట్టు వెంట తాడు కట్టి ఎగువకు చాలా దూరం లాక్కుపోయి, అక్కడ జనాన్ని ఎక్కించుకుని వదులుతారు. ఏరు దాన్ని ఏటవాలుగా ఈడ్చుకుంటూ తెచ్చి అవతలి రేవు దగ్గర పడేస్తుంది. లెక్క ఒక్క గజం తప్పినా రేవు దాటిపోయి కింద ఎక్కడో ముళ్లపొదల్లో తేలతారు. ఆ లెక్క ఏ కాగితం మీదా ఉండదు, నావ నడిపే బెస్తాయన కంట్లో ఉంటుంది. నావలో మేకలు, సైకిళ్లు, పెళ్లి బుట్టలు, బియ్యం బస్తాలు, కొత్త కోడలు, ఆమె మీద ఎండ పడకుండా గొడుగు పట్టిన చెల్లెలు, ఒకసారి అయితే ఒక హార్మోనియం పెట్టె కూడా చూశాను. ఎండాకాలం వచ్చిందంటే సగం దూరం ఇసుకలో నడక. మధ్యాహ్నం ఆ ఇసుకలో చెప్పులు లేకుండా నడిచినవాళ్లకు వేరే శిక్ష అక్కర్లేదు. ఇసుక మేటల మీద పుచ్చకాయ పాదులు పెట్టేవాళ్లు, దారిన పోయేవాళ్లకు ఒక కాయ కోసి పెట్టడం మామూలు.

శివరాత్రికి కాళేశ్వరం గుడి కిటకిటలాడేది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ముక్తీశ్వరుడూ యముడూ. ముక్తీశ్వర లింగానికి ఉన్న రంధ్రాల్లో పోసిన నీళ్లు లోలోపలే పోయి సంగమంలో కలుస్తాయంటారు. మా మేనత్త ఆ నీళ్లు పోసిన ప్రతిసారీ నన్ను పరుగెత్తించి ఒడ్డుకు పంపేది, బయటికి వచ్చాయా చూడమని. నేను చూశానని చెప్పేవాణ్ణి. ఆమెకు అదే కావాలి.

పెద్దబాపు మాటలోని పడవలు ఏవో నాకు తెలిసింది కాలేజీలో. నాగపూర్‌లో చదివేటప్పుడు లైబ్రరీలో పాత గెజిటీరు, అంటే ఇంగ్లీషువాళ్ల కాలపు జిల్లా వివరాల పుస్తకం, ఒకటి చేతికొచ్చింది. సిరొంచ అన్న పేరు అచ్చులో చూసి గుండె గబగబా కొట్టుకుంది. తాలూకాగా కాదు, ఒక జిల్లాకు ముఖ్యపట్టణంగా. 'ఎగువ గోదావరి జిల్లా' అట. అలాంటి జిల్లా ఒకటి ఉండేదని మా ఊళ్లో చదువుకున్నవాళ్లు కూడా అనుకోగా వినలేదు.

కథ ఇదీ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాటన్ దొర చూపు ఎగువకు పోయింది. రైలు కన్నా నీటిదారి చవక అన్నది ఆయన జీవితమంతా వదలని వాదం. నాగపూర్, బేరారు పత్తి అప్పట్లో ఎడ్లబండ్ల మీద వారాల తరబడి నడిచి బొంబాయి చేరేది. అదే పత్తి వార్ధా నదిలో పడవెక్కితే ప్రాణహితలోకి, అక్కణ్ణుంచి గోదావరిలోకి, ఆపైన కోరంగి దగ్గర సముద్రంలోకి దిగిపోతుంది. తిరిగొచ్చే పడవలు కోస్తా ఉప్పును మధ్య దేశానికి మోసుకొస్తాయి. వినడానికి ఎంత సులువుగా ఉందో!

కానీ నది ఒడ్డు నిజాముది. 1860లో ఒప్పందం జరిగింది. 1857లో తమ పక్షాన నిలిచినందుకు ఇంగ్లీషువాళ్లు నిజాముకు రాయచూరు దోఆబు, ధారాశివ్ తిరిగి ఇచ్చారు, సురపురం సంస్థానం కట్టబెట్టారు, యాభై లక్షల బాకీ కొట్టేశారు. తాము తీసుకున్నది గోదావరి ఎడమ ఒడ్డు. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి. పటంలో చూస్తే నదిని పట్టుకుని కిందికి జారిన సన్నటి పట్టీ. అంతా అడవి, జ్వరాలు, శిస్తు రాలని నేల. ఇది ఎవరికి కావాలి? ఆ ఒప్పందంలోనే నదిలో నడిచే సరుకు మీద సుంకం ఉండకూడదని కూడా రాసుకున్నారు. వాళ్లకు కావలసింది నేల కాదు, నీళ్లు. ఆ నీళ్ల పక్కన మేం ఉన్నాం కాబట్టి మేమూ వెళ్లిపోయాం. మా సిరొంచ ముఖ్యపట్టణమైంది, డిప్యూటీ కమిషనర్ వచ్చి కూర్చున్నాడు. గ్లాస్‌ఫర్డ్ అనే ఆ కాలపు డిప్యూటీ కమిషనర్ పేరుతో గ్లాస్‌ఫర్డ్‌పేట అని మా దగ్గర ఒక ఊరు ఇప్పటికీ ఉంది.

కాటన్ శిష్యుల్లో హేగ్ అనే ఇంజనీరుకు ఈ నీటిదారి పని అప్పజెప్పారు. నదిలో మూడు చోట్ల రాతిబండలు అడ్డం. కింది నుంచి లెక్కపెడితే మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇంద్రావతి కలిసిన చోటికి దిగువన ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ప్రాణహితలో దేవలమర్రి దగ్గర. ప్రతి అడ్డు దగ్గరా ఆనకట్ట కట్టి నీళ్లు నిలబెట్టాలి, ఒడ్డు పక్క నుంచి కాలువ తవ్వి లాకులు, అంటే నీటి ఎత్తును పెంచి తగ్గించే తలుపుల అరలు, పెట్టాలి, పడవలు మెట్లు దిగినట్టు లాకుల్లోంచి దిగిపోవాలి. కోనసీమ వాళ్లకు లాకుల సంగతి నేను చెప్పక్కర్లేదు. రెండో అడ్డుకీ మూడో అడ్డుకీ మధ్య పడవలు బాగా నడిచే నీళ్లలో పెద్ద రేవు మా సిరొంచ. అందుకే జిల్లా ఆఫీసు అక్కడ పెట్టారు.

గెజిటీరు చదివిన దగ్గర్నుంచీ ఆ అడ్డులు చూడాలని ఒకటే తహతహ. 1991 గోదావరి పుష్కరాలు అయిపోయిన చలికాలంలో కుదిరింది. నేను, మా మేనత్త కొడుకు, మా రేవులో నావ నడిపే తాత. ఆయన్ని ఊళ్లో అందరూ నావతాత అనేవాళ్లు, మేమూ అంతే. మొదట ఒప్పుకోలేదు.

"బండలు జూడవోతరా? దేవుణ్ణి జూడవోయేటోళ్లను జూసిన, శేపలకు వోయేటోళ్లను జూసిన. బండలకు వోయేటోళ్లను మిమ్ముల్నే జూస్తున్న."

"పుస్తకంలో రాసిన్రు తాతా, తెల్లదొరలు అక్కడ కట్టడం మొదలువెట్టి ఇడిసిపెట్టిన్రని."

"పుస్తకమెందుకు? మా నాయన జెప్పిండు." అని బీడీ ఆర్పి, "సద్ది గట్టుకోండ్రి. పొద్దుగాల పోదాం" అన్నాడు.

టేకు పలకల చిన్న నావ, కొత్తగా తారు పూసి ఉంది. సిరొంచ రేవు నుంచి ప్రాణహితలో కొంచెం దిగితే నగరం దగ్గర సంగమం. పటంలో గోదావరి పెద్దది, ప్రాణహిత దాని ఉపనది. నీళ్ల మీద చూస్తే మాత్రం తలకిందులు. ఎగువన శ్రీరాంసాగర్ కట్టిన తర్వాత గోదావరి చలికాలానికే ఇసుక తేలి సన్నబడుతుంది. వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగల నీళ్లు మోసుకొచ్చే ప్రాణహితే అక్కడ నిండుగా వచ్చి కలుస్తుంది. కలిసిన తర్వాత పేరు మాత్రం గోదావరిది. మా మేనబావకు ఇది చాలా అన్యాయంగా తోచింది, దారి పొడుగునా దాని మీదే మాట్లాడాడు.

నావతాత గడ వేసేటప్పుడు నీళ్లకేసి చూసేవాడు కాదు, నీళ్ల మీద వెలుతురుకేసి చూసేవాడు. "నీళ్లు నవ్విన కాడ బండ ఉంటది. ఊకున్న కాడ లోతుంటది. తిరిగి సూసిన కాడ సుడి ఉంటది." లోతు తక్కువైన చోట్ల దిగి నావను నెట్టాలి. మడుగు వచ్చిందంటే గడ అందదు, తెడ్డు తీయాలి. ఇసుక అడుగున పారే నీళ్లకూ బండ మీద పారే నీళ్లకూ చప్పుడులో తేడా ఉందని ఆ ప్రయాణంలోనే తెలిసింది. నేను హేగ్ గురించి చెప్తుంటే ఆయన మధ్యలో ఆపి ఒక్కటే అడిగాడు.

"ఆ పడవల్ల ఎంత బరువు ఏద్దామనుకున్నరు?"

నాకు తెలియదన్నాను. "గదే మొదలు అడగాలె" అన్నాడు.

నిజమే. ఆ లెక్కలోనే ఉంది తిప్పలంతా. వరద నిండుగా ఉన్నప్పుడు బండలు మునిగిపోతాయి, బరువు పడవ కూడా దిగొచ్చు. కానీ ఆ ఉరవడికి ఎదురెక్కి ఎవడు పోతాడు? వరద తీసిందంటే ఎదురెక్కడం సులువే, కానీ బండలు బయటపడతాయి, ఇసుక మేటలు ఏ ఏటికా ఏడు చోటు మారతాయి. అంటే ఏడాదిలో సగం కన్నా ఎక్కువ కాలం దారి మూత. కొన్నేళ్లు చిన్న పొగపడవలూ తిరిగాయి, పత్తి కొంత దిగింది. అడ్డు దగ్గరికి రాగానే సరుకు దింపి బండ్లకెక్కించి బండలు దాటించి మళ్లీ పడవలకెక్కించాలి. ఒక్కసారి దింపి ఎక్కించే ఖర్చులోనే నీటిదారి చవకతనం సగం పోతుంది.

రాత్రి అంకీసాలో మా చుట్టాలింట్లో పడుకున్నాం. వాలుగ చేప పులుసు, జొన్న రొట్టె. ఆ రోజుల్లో అడవి పక్క ఊళ్లలో కొత్తవాళ్లు కనిపిస్తే రెండు వైపుల వాళ్లూ, పోలీసులూ అడవిలోని అన్నలూ, అడిగేవాళ్లు. మమ్మల్నీ అడిగారు. బండలు చూడ్డానికి పోతున్నామంటే ఒక పక్షం నవ్వింది, రెండో పక్షం నమ్మలేదు. అంతకు మించి ఏమీ కాలేదు, దాని గురించి ఇక్కడ రాయను.

సోమనూర్ దగ్గర ఇంద్రావతి కలుస్తుంది. అప్పటికి ఛత్తీస్‌గఢ్ లేదు, తెలంగాణ లేదు. ఎదుట మధ్యప్రదేశ్, కుడివైపు ఆంధ్రప్రదేశ్, మేం నిలబడింది మహారాష్ట్ర. ఇంద్రావతి నీళ్లు పచ్చగా, చల్లగా, బస్తర్ అడవి వాసనతో వచ్చాయి. మూడు ఒడ్లలోనూ చాకిరేవుల దగ్గర తెలుగే వినపడింది. నావతాతకు మూడు ఒడ్ల మీదా బంధువులున్నారు.

దిగువకు పోయేకొద్దీ నది మాట పెరిగింది. ఒకచోట నావతాత నావను కుడి ఒడ్డుకు మళ్లించి కట్టేశాడు. "ఇగ నడుసుడే." ఇచ్చంపల్లి బండల మొదలు అది. నల్లటి రాతి పరుపులు నదికి అడ్డంగా ఒకదాని వెనక ఒకటి. నీళ్లు పాయలు పాయలుగా చీలి, ఒక్కో పాయ ఒక్కో సందు వెతుక్కుంటూ పోతోంది. మైళ్ల కొద్దీ ఇదే తీరు. ఒక బండ నుంచి ఇంకో బండ మీదికి దూకుతూ, కొన్నిచోట్ల మోకాటి లోతులో దిగుతూ చాలా దూరం పోయాం. బండల మీద గుండ్రటి గుంతలు, వాటి అడుగున గులకరాళ్లు. వరదలో ఆ రాళ్లే తిరిగి తిరిగి గుంతలు తొలిచాయని మా మేనబావ చెప్పాడు, వాడు జియాలజీ చదివాడు.

ఒడ్డు దగ్గర చెక్కిన రాళ్లు కొన్ని, పొదల్లో ఒక రాతికట్టడం మొదలు కనిపించాయి. మనిషి చేయి పడ్డ రాయి తెలిసిపోతుంది, అంచు తిన్నగా ఉంటుంది. నావతాత దాని మీద కూర్చుని సద్ది విప్పాడు.

"మా నాయన జెప్పేటోడు. కిందికెల్లి మస్తు మంది కూలోళ్లను తెచ్చిన్రట. చలిజరం వట్టి సగం మంది పారిపోయిన్రు, సగం మంది ఈడనే ఉన్నరు." ఈడనే అంటూ నేల మీద చేయి వేశాడు.

అక్కడ నిలబడి చూస్తే నాకు ఒకటి అనిపించింది, ఇప్పటికీ అదే అనుకుంటాను. ధవళేశ్వరం దగ్గర ఇంతకన్నా వెడల్పైన నదికి ఆనకట్ట కట్టినవాళ్లకు ఇక్కడ చేతకాకపోవడం ఇంజనీరింగు లోపం కాదు. అక్కడ చుట్టూ ఊళ్లున్నాయి, కూలి జనం ఉన్నారు, వరి ఉంది, కట్టాక నీళ్లు పారే లక్షల ఎకరాలున్నాయి. ఆనకట్ట ఖర్చు శిస్తు రూపంలో తిరిగొస్తుంది. ఇక్కడ అడవి, దోమలు, మనిషి లేని నేల. నీళ్లు నిలబెట్టినా పారించుకునే పొలం లేదు. పడవ సుంకమూ లేదని తామే రాసుకున్నారు. పత్తి రావాలి, పత్తి వస్తేనే బతుకు.

ఆ పత్తికి ఒకసారి మంచి కాలం వచ్చింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోగానే లాంకషైర్ మిల్లులు మన దేశం వైపు తిరిగాయి. మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ ఈ నీటిదారిని గట్టిగా వెనకేసుకొచ్చాడు. కానీ ఆ యుద్ధం 1865లో ఆగింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. హేగ్ మనుషులు ఇంకా బండల దగ్గర రాళ్లు చెక్కుతుండగానే పత్తి రైలుబండెక్కి పడమరకు పోవడం మొదలుపెట్టింది. 1871లో పని పూర్తిగా ఆపేశారు.

ఆ తర్వాత మా జిల్లా ఎవరికీ అక్కర్లేకపోయింది. 1874లో భద్రాచలం, రేకపల్లి మద్రాసు వాళ్లకిచ్చారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నూగూరు, ఆల్బాక, చర్ల కూడా మద్రాసుకే పోయాయి. సిరొంచ ఒక్కటీ చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాకు తాలూకాగా మిగిలింది. చాందా మధ్య పరగణాల్లో ఉంది కాబట్టి అక్కడ, చాందా తర్వాత మహారాష్ట్రలో కలిసింది కాబట్టి ఇక్కడ. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి. మొదట ఆ పట్టీ మొత్తాన్ని ఒక్కరికే ఇచ్చేసి ఉంటే నేనూ దసరా సెలవులు పూర్తిగా అనుభవించి ఉండేవాణ్ణి.

తిరుగు ప్రయాణంలో నావను ఎదురు లాగడం మా వంతైంది. తాడు భుజాన వేసుకుని ఒడ్డు వెంట ఇసుకలో వంగి నడవాలి, నావతాత వెనక కూర్చుని గడతో నావను ఒడ్డుకు తగలకుండా చూస్తాడు. మా మేనబావ ప్రాణహితకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడటం మానేశాడు.

దేవలమర్రికి మాత్రం కాలినడకనే పోయాను, ఇంకో ఏడు, వేసవిలో. దారిలో కోట అనే ఊరుంది, సిరొంచకు ఎగువన ప్రాణహిత ఒడ్డున. చిన్న ఊరే, కానీ భూగర్భశాస్త్రం పుస్తకాల్లో దాని పేరు ఒక రాతిపొరకే ఉంది. జురాసిక్ కాలపు చేపల శిలాజాలు అక్కడి సున్నపురాతిలో దొరికాయి. ఇటుపక్క వడధం దగ్గర రాయిగా మారిన మానులు పడి ఉంటాయి, ఇప్పుడు అక్కడ శిలాజాల పార్కు పెట్టారు. మా తాలూకాలో జనం చరిత్ర కన్నా చేపల చరిత్రే బాగా రాసిపెట్టి ఉందని మా మేనబావ ఏడిపిస్తాడు.

దేవలమర్రి దగ్గర ఏప్రిల్‌లో ప్రాణహిత మధ్యలోకి నడిచిపోవచ్చు. ఇచ్చంపల్లి బండల్లా పెద్దవి కావు. పొడుగ్గా, పల్చగా, ఎడతెగని రాతి పరుపు. చెక్కిన రాయి నాకు ఒక్కటీ కనపడలేదు. బట్టలుతుకుతున్న ఆడవాళ్లు, జల్లెడ వలతో చిన్న చేపలు పడుతున్న పిల్లలు. ఒక ముసలామె ఎందుకొచ్చావని అడిగితే చెప్పాను. ఆమె చాలాసేపు వింది. "గా పడవలొస్తే మా ఊర్ల దుకాణాలు వడుతుండె గదా" అంది. అవునన్నాను. "మంచిగనే అయింది, రాలే" అని బట్టలు పిండుకుంది.

దుమ్ముగూడెం చూసింది చాలా తర్వాత, పిల్లలతో భద్రాచలం దర్శనానికి పోయినప్పుడు. ఈ మూడు అడ్డుల్లో పని పూర్తయినది అదొక్కటే. ఆనకట్ట ఉంది, కాలువ ఉంది, లాకులు ఉన్నాయి. రాతిపని ఎంత గట్టిదంటే నూటయాభై ఏళ్లు దాటినా అతుకుల్లో వేలు పెట్టడానికి సందు లేదు. పడవల కోసం వచ్చిన హేగ్ అక్కడ ఒక క్రైస్తవ మిషన్‌కు కూడా కారణమయ్యాడు. పడవలు పోయాయి, మిషన్ నిలిచింది. లాకు గోడ మీద నిలబడి మా అబ్బాయికి చెప్పాను, ఇలాంటివే ఇచ్చంపల్లిలోనూ దేవలమర్రిలోనూ రావలసింది, వచ్చి ఉంటే సిరొంచ ఇప్పుడు పెద్ద పట్నమయ్యేదని. వాడు లాకు తలుపు ఎలా తెరుస్తారని అడిగాడు. నీళ్లు ఎగువ దిగువ సమం అయ్యాకనే తెరుస్తారు, లేకపోతే ఎంతమంది లాగినా కదలదని చెప్పాను. మిగతా చరిత్ర కన్నా వాడికి అదే నచ్చింది.

ఇప్పుడు సిరొంచకు నావ అక్కర్లేదు. గోదావరి మీదా, ప్రాణహిత మీదా వంతెనలొచ్చాయి, కాళేశ్వరం పది నిమిషాల దారి. మేనత్త పోయింది, ఆమె మనవడు రోజూ మోటారు సైకిల్ మీద మా ఊరికొచ్చి దుకాణం నడుపుతాడు. 2019లో దిగువన మేడిగడ్డ బ్యారేజీ మొదలైంది. దాంతో మా రేవు నుంచి చాలా దూరం నీళ్లు నిలిచాయి. హేగ్ కలలు కన్న లోతు అది, కానీ ఏ పడవ కోసమూ కాదు. మా వైపు పొలాలు కొన్ని మునిగాయి, పరిహారాల గొడవ నడుస్తూనే ఉంది. 2023 అక్టోబరులో బ్యారేజీ పిల్లర్లు కుంగాక గేట్లెత్తి నీళ్లు వదిలేశారు, మళ్లీ ఇసుక తేలింది.

ఇంకో తమాషా చెప్పాలి. 2016లో కేంద్రం జాతీయ జలమార్గాల చట్టం చేసింది. దేశంలోని 111 జలమార్గాల జాబితాలో వైన్‌గంగ, ప్రాణహిత నదులది 109వ నంబరు. అంటే చట్టం ప్రకారం మా రేవు ముందు నుంచి ఇప్పుడు జాతీయ జలమార్గం పోతోంది. నావతాత కొడుక్కి ఈ సంగతి చెప్పాను. ఆయన ఏట్లో చేపలు పట్టి మంచిర్యాలకు పంపుతుంటాడు, ఏటి ముచ్చట్లలో నాన్నకు ఏమీ తీసిపోడు.

"ఆ దారిల పడవలు నడుపుతరా?" అన్నాడు.

"చట్టంలో ఉంది."

"ఎంత బరువు ఏస్తరట?" అన్నాడు.

రాజమండ్రి, ధవళేశ్వరం వైపు వాళ్లకు ఒక మనవి. మీ ఇళ్లలో పాత కలప వ్యాపారం చేసినవాళ్లు, సిరొంచ తెప్పలు దిగడం చూసినవాళ్లు, కనీసం వాళ్ల నోట విన్నవాళ్లు ఎవరైనా ఉంటే నాకు రాయండి. తెప్ప విప్పిన తర్వాత ఆ వెదురు మోపులు ఏం చేసేవాళ్లు, తెప్పగాళ్లు ఏ సత్రంలో దిగేవాళ్లు, ఏ దారిన నడిచి వెనక్కొచ్చేవాళ్లు అన్నది పెద్దబాపును అడగాలని నాకు అప్పుడు తోచలేదు. బండలు చూడాలనుకునేవాళ్లు దీపావళి తర్వాత రండి, అప్పటికి వరద తీస్తుంది. మహాదేవపూర్ మీదుగా ఇచ్చంపల్లి పోవచ్చు, ఇటు నుంచి కావాలంటే సిరొంచలో దిగి నన్ను అడగండి. సద్ది మాత్రం కట్టుకు రండి, అక్కడ ఏమీ దొరకవు.